కాశీ యాత్రకు టూర్ కంపెనీని ఎంచుకోవడం ఎలా?

కార్తీక మాసం దగ్గరపడినా, వేసవి సెలవులు దగ్గరపడినా పాఠకుల నుంచి వచ్చే ప్రశ్న ఒక్కటే. అమ్మానాన్నలను కాశీ, గయ, ప్రయాగ, అయోధ్య యాత్రకు పంపాలనుకుంటున్నాం, ఏ కంపెనీ మంచిది అని. ఒక పేరు చెప్పడం తేలికే గానీ, అది మీకు పెద్దగా ఉపయోగపడదు. నిరుడు చక్కగా నడిపిన కంపెనీయే ఈసారి వేరే మేనేజరుతో, వేరే వంటవాళ్లతో, ఎక్కడో అద్దెకు తీసుకున్న బస్సుతో బయలుదేరవచ్చు. అందువల్ల ఏ కంపెనీనైనా అడగవలసిన ప్రశ్నలను, వారిచ్చే జవాబులను సరిచూసుకునే పద్ధతిని వరుసగా ఇస్తున్నాను. హైదరాబాదు, విజయవాడ, రాజమండ్రి వంటి ఊళ్ల నుంచి తెలుగు మేనేజరుతో, వెంట వచ్చే వంటవాళ్లతో సాగే బృంద యాత్రలను దృష్టిలో పెట్టుకుని రాసినప్పటికీ, రాజస్థాన్‌కో కాశ్మీర్‌కో వెళ్లేవారికి కూడా ఇందులో చాలా భాగం పనికొస్తుంది.

ముందుగా దగ్గర పెట్టుకోవలసినవి

- వెళ్లేవారి పేర్లు, వయసులు ఆధార్ కార్డులో ఉన్నట్టుగా రాసిన కాగితం
- వారి ఆరోగ్య పరిమితులు: ఎంత దూరం నడవగలరు, మెట్లు ఎక్కగలరా, పై బెర్తు ఎక్కగలరా, షుగరు మందులు వేసుకునే వేళలు
- తప్పనిసరిగా జరగవలసిన పనులు: గయలో పిండప్రదానం, ప్రయాగలో వేణీదానం (స్త్రీలు జడ కొసను సంగమంలో సమర్పించడం), కాశీలో ఇన్ని రాత్రుల నిద్ర అనే నియమం వంటివి
- కనీసం మూడు కంపెనీల కరపత్రాలు
- కంపెనీలతో జరిపే సంభాషణలన్నీ ఒకేచోట ఉండే వాట్సాప్ నంబరు. ఫోన్‌లో విన్న ప్రతి హామీని వెంటనే అందులో రాసి పంపి, అవునని జవాబు తెప్పించుకోవాలి.

1. బృంద యాత్ర మీకు సరిపడుతుందో లేదో ముందు తేల్చుకోండి

కాశీలో తొమ్మిది రాత్రులు నిద్ర చేయాలన్న సంకల్పం ఉన్నవారికి మామూలు బృంద యాత్రలు సరిపడవు, ఎందుకంటే సాధారణంగా ఇవి కాశీలో రెండు మూడు రాత్రులకు మించి ఉండవు. అటువంటివారు రైలు టికెట్లు తామే తీసుకుని, ఆంధ్రాశ్రమంలోనో మరో తెలుగు సత్రంలోనో ముందుగా గది కోసం అడిగి, గయకూ ప్రయాగకూ అక్కడి నుంచే కారు మాట్లాడుకోవడం మేలు. తెల్లవారుజామున నాలుగింటికి లేపితే లేవలేనివారూ, మోకాళ్ల నొప్పుల వల్ల అడుగడుగునా ఆగవలసినవారూ నలభై మంది వెంట పరుగెత్తడం కన్నా, నలుగురైదుగురు బంధువులు కలిసి సొంతంగా వెళ్లడమే సుఖం. ఖర్చు కొంత పెరిగినా యాత్ర వారి చేతిలో ఉంటుంది.

2. మూడు రకాల నిర్వాహకులను పోల్చండి

మూడు ప్రైవేటు కంపెనీలను పక్కపక్కన పెట్టుకోవడం కన్నా మూడు రకాలను పోల్చితే తేడాలు స్పష్టంగా తెలుస్తాయి.

మొదటి రకం ఐఆర్‌సీటీసీ నడిపే భారత్ గౌరవ్ పర్యాటక రైళ్లు. తెలుగు రాష్ట్రాల నుంచి వీటిలో మొదటిది 2023 మార్చి 18న సికింద్రాబాదు నుంచి పూరీ, కాశీ, అయోధ్యల యాత్రగా బయలుదేరింది. స్లీపర్, థర్డ్ ఏసీ, సెకండ్ ఏసీ తరగతులను బట్టి ఎకానమీ, స్టాండర్డ్, కంఫర్ట్ అనే మూడు ధరలు ఉంటాయి. రైలు, బస, భోజనం, స్థానిక బస్సు, ప్రయాణ బీమా ధరలోనే కలిసి ఉంటాయి. అయితే రైలు నిండా జనం ఉంటారు కనుక మీ ఒక్కరి కోసం ఏదీ మారదు. రెండో రకం రాష్ట్ర పర్యాటకాభివృద్ధి సంస్థల ప్యాకేజీలు. మూడో రకం ప్రైవేటు కంపెనీలు. తెలుగు భోజనం, తెలుగు మాట్లాడే మేనేజరు, కర్మకాండలకు పురోహితుణ్ణి మాట్లాడిపెట్టడం వీటి బలాలు. అన్నీ ఒక్క మనిషి చేతి మీదుగా నడవడం చాలా వాటి బలహీనత.

నాలుగో రకం ఒకటి ఉంది, అది కంపెనీ కాదు. కాలనీలోనో గుడిలోనో పరిచయస్థుడొకరు మనుషులను పోగుచేసి ఏదో ఒక ట్రావెల్స్‌కు అప్పగిస్తారు. అంతమందిని తెచ్చినందుకు సాధారణంగా ఆయనకు ప్రయాణం ఉచితం. ఇందులో తప్పేమీ లేదు గానీ, రసీదు ఆయన పేరుతో కాకుండా యాత్ర నడిపే సంస్థ పేరుతో రావాలని మొదటే చెప్పండి.

3. ఆ సంస్థ నిజంగా ఉందో లేదో చూడండి

దీనికి పది నిమిషాలు చాలు. జీఎస్టీ నంబరు అడిగి తీసుకుని, జీఎస్టీ పోర్టల్‌లో పన్ను చెల్లింపుదారుల వివరాలు వెతికే చోట కొట్టి చూడండి. మొత్తం 15 అక్షరాలలో మొదటి రెండంకెలు రాష్ట్రాన్ని తెలుపుతాయి. తెలంగాణకు 36, ఆంధ్రప్రదేశ్‌కు 37. ఆరో అక్షరం పీ అయితే ఒక వ్యక్తి సొంత వ్యాపారమనీ, ఎఫ్ అయితే భాగస్వామ్య సంస్థ అనీ, సీ అయితే రిజిస్టరైన కంపెనీ అనీ అర్థం. కరపత్రంలో ప్రైవేట్ లిమిటెడ్ అని వేసుకుని, నంబరులో పీ కనిపిస్తే వివరణ అడగండి. పోర్టల్‌లో కనిపించే పేరు, చిరునామా, రిజిస్ట్రేషన్ తేదీ కరపత్రంతో సరిపోవాలి. నంబరు రద్దయినట్టు ఉంటే అక్కడితో ఆగండి.

ఏడాదికి 20 లక్షల రూపాయల లోపు వ్యాపారం ఉన్న చిన్న నిర్వాహకులకు జీఎస్టీ నంబరు లేకపోవచ్చు. అది నేరం కాదు. నంబరు లేకుండా జీఎస్టీ పేరుతో డబ్బు వసూలు చేయడమే తప్పు.

కేంద్ర పర్యాటక శాఖ గుర్తింపు ఉందని చెప్పుకునేవారిని ఆ శాఖ నిధి పోర్టల్‌లో వెతకవచ్చు. ఈ గుర్తింపు స్వచ్ఛందం కనుక, లేనంత మాత్రాన సంస్థను తోసిపుచ్చనక్కర లేదు. ఉందని చెప్పి అక్కడ కనిపించకపోతే మాత్రం ఆ ఒక్క అబద్ధం చాలు, వదిలేయండి.

4. రోజువారీ కార్యక్రమాన్ని దూరాలతో కలిపి చదవండి

కరపత్రంలో ఒక్కో రోజుకు నాలుగైదు క్షేత్రాల పేర్లు వరుసగా ఉంటాయి. వాటి పక్కన దూరాలు మీరే రాసుకోండి. కాశీ నుంచి ప్రయాగకు సుమారు 125 కిలోమీటర్లు, గయకు సుమారు 250, అయోధ్యకు 200 పైగా. ఉదయం కాశీలో బయలుదేరి, గయలో పిండప్రదానం, విష్ణుపాద దర్శనం, బోధ్‌గయ పూర్తిచేసుకుని అదే రాత్రికి కాశీ చేరతామని ఎవరైనా రాస్తే, 500 కిలోమీటర్ల బస్సు ప్రయాణం మధ్యలో అవన్నీ జరగాలని అర్థం. జరగవని కాదు, హడావుడిగా జరుగుతాయి. పిండప్రదానం మీకు ముఖ్యమైతే గయలో రాత్రి బస ఉన్న కార్యక్రమాన్నే తీసుకోండి.

తరువాత బస సంగతి. కాశీలో మంచి హోటల్ అని రాస్తే ఏమీ రాయనట్టే. హోటల్ పేరు, పేట పేరు అడగండి. పెద్ద బస్సులు ఘాట్ల దగ్గరికి రావు. బస్సు ఎక్కడో ఆగితే అక్కడి నుంచి ఆలయం దగ్గరి గొదౌలియా కూడలి వైపు ఆటోలలోనో బ్యాటరీ రిక్షాలలోనో వెళ్లి, చివరి భాగం గల్లీలలో నడవాలి. హోటల్ ఊరి బయట ఉంటే ఇదంతా రోజుకు రెండు మూడు సార్లు చేయవలసి వస్తుంది. కాబట్టి గది నుంచి విశ్వనాథుని ఆలయానికి ఎంత దూరం, అందులో నడక ఎంత అని సూటిగా అడగండి. హోటల్ పేరు పక్కన ‘లేదా దానికి సమానమైనది’ అని ఉంటే, మారితే ఎన్ని రోజుల ముందు చెబుతారో, పేట కూడా మారుతుందో లేదో రాయించుకోండి.

గదిలో ఎంతమంది, మంచాలు ఎన్ని, స్నానాల గది గదిలోనే ఉందా, లిఫ్టు ఉందా అన్నవి నాలుగు వేర్వేరు ప్రశ్నలు. ‘సదుపాయంగా ఉంటుందండీ’ అన్నది వీటిలో దేనికీ జవాబు కాదు.

దర్శనం విషయంలో ఒక హెచ్చరిక. అయోధ్య రామమందిరంలో దర్శనానికి గానీ, త్వరగా దర్శనం చేసుకునే సుగమ దర్శనం పాసుకు గానీ ట్రస్టు రుసుము తీసుకోదు. అందువల్ల అయోధ్య వీఐపీ దర్శనం పేరుతో విడిగా డబ్బు అడిగే సంస్థను అనుమానించవలసిందే.

5. ధరలో చేరనివాటి జాబితాను ముందు చదవండి

ప్యాకేజీలో ఏమేమి ఉన్నాయో పెద్ద అక్షరాలలో, ఏమేమి లేవో చివరి పేజీలో చిన్న అక్షరాలలో ఉంటాయి. మీరు చివరి పేజీతోనే మొదలుపెట్టండి. కాశీ యాత్రలో విడిగా తేలే ఖర్చులు దాదాపు ఎప్పుడూ ఇవే: స్థానిక ఆటోలు, గంగలో పడవ, ప్రయాగలో సంగమం దాకా పడవ, పూజలూ కర్మకాండల దక్షిణలూ, రైలులో వెళ్లే వచ్చే రోజుల భోజనం, మంచినీళ్ల సీసాలు, సామాను మోసే కూలీలు, యాత్ర చివర వంటవాళ్లకూ డ్రైవరుకూ అందరి దగ్గరా వసూలు చేసే బహుమానం.

లెక్క ఎలా మారుతుందో చూడటానికి కొన్ని అంకెలు ఊహించుకుందాం. ఒక కంపెనీ మనిషికి 17,500 రూపాయలని ప్రకటించింది. టూర్ ఆపరేటర్ల సేవపై 5 శాతం జీఎస్టీ విడిగా వేస్తే 875 కలిసి 18,375 అవుతుంది. ఆటోలకు 800, పడవలకు 500, రైలులో తిండికి 450, నలుగురి గది బదులు ఇద్దరి గది కావాలంటే 2,000 కలిపితే మొత్తం 22,125. రెండో కంపెనీ ఇవన్నీ కలిపి, పన్నుతో సహా, ఇద్దరికో గది ఇచ్చి 21,500 అంటోంది. కరపత్రం మీద 4,000 ఎక్కువగా కనిపించినది నిజానికి 625 తక్కువ. ప్రతి కంపెనీకీ ఇలాగే ఒక కాగితం మీద నిలువుగా రాసి, అడుగున మొత్తం వేయండి. అన్నీ ఒకే వరుసలో ఉంటే చివరి అంకెలను మాత్రమే పోల్చవచ్చు.

పురోహితుల దక్షిణ గురించి మేనేజరును ముందే అడగడానికి చాలామంది మొహమాటపడతారు. గయలో కూర్చున్నాక బేరమాడటం కన్నా ఇంటి దగ్గరే తెలుసుకోవడం ఎంతో మర్యాద. ఏ కర్మకు ఎంత, సామగ్రి అందులో ఉందా, తెలుగు పురోహితుడు ఉంటారా అన్న మూడు సంగతులు వాట్సాప్‌లో రాయించుకోండి.

6. రైలు టికెట్ల విషయంలో కంపెనీ మాటను పరీక్షించండి

2024 నవంబరు 1 నుంచి రైల్వే ముందస్తు రిజర్వేషన్ గడువు 120 రోజుల నుంచి 60 రోజులకు తగ్గింది. కాబట్టి మూడు నెలల తరువాత బయలుదేరే యాత్రకు, మామూలు రైళ్లలో బెర్తులు ఇప్పటికే ఖాయమైపోయాయని ఎవరైనా అంటే అది నిజం కాదు. రిజర్వేషన్ మొదలైన రోజునే తీస్తామని చెప్పేవారిని నమ్మవచ్చు. టికెట్లు తీసిన వారం లోపు మీ పీఎన్‌ఆర్ నంబరు పంపాలని షరతు పెట్టండి. పది అంకెల ఆ నంబరును 139కి ఫోన్ చేసిగానీ, రైల్వే యాప్‌లో గానీ మీరే చూసుకోవచ్చు.

టికెట్ కాపీలో పేరూ వయసూ మీవే అయి ఉండాలి. ముందుగా ఎవరో ఒకరి పేర్లతో బెర్తులు తీసిపెట్టి, తరువాత చేరినవారిని ఆ బెర్తులలో పంపే అలవాటు కొందరికి ఉంది. మరొకరి పేరున్న టికెట్‌తో దొరికితే టికెట్ లేని ప్రయాణికుడి కిందే లెక్క, జరిమానా కట్టేది మీరే. టికెట్ అధీకృత ఏజెంటు ద్వారా తీసినదా, ఎవరిదో వ్యక్తిగత ఖాతాలోంచి తీసినదా అన్నది కూడా చూడండి. వ్యక్తిగత ఖాతాలో టికెట్లు తీసి అమ్మడం రైల్వే చట్టం 143వ సెక్షను ప్రకారం నేరం.

వెయిటింగ్ లిస్టులో ఉంటే ఏం చేస్తారు, డిసెంబరు చివర, జనవరిలో పొగమంచు వల్ల ఉత్తరాది రైళ్లు గంటల తరబడి ఆలస్యమైతే తప్పిపోయిన క్షేత్రానికి బదులు ఏమిటి అన్నవి కూడా అడగండి. ‘దేవుడి దయ’ అని నవ్వే మేనేజరు కన్నా, ఫలానా రోజున ఫలానాది తగ్గిస్తాం అని చెప్పే మేనేజరు మేలు.

7. బస్సు, వంట

బస్సు నంబరు బయలుదేరే ముందు రోజుకైనా తెప్పించుకుని, వాహనాల వివరాలు చూపే ప్రభుత్వ ఎంపరివాహన్ యాప్‌లో కొట్టండి. ఫిట్‌నెస్, బీమా, పర్మిట్ గడువులు కనిపిస్తాయి. అద్దె వాహనానికి పసుపు పలక మీద నల్ల అక్షరాలుండాలి. తెల్ల పలక ఉన్న సొంత వాహనాన్ని టెంపో ట్రావెలరంటూ తెస్తే ఎక్కవద్దు, ప్రమాదం జరిగినప్పుడు బీమా చిక్కుల్లో పడుతుంది. రాత్రి ప్రయాణం ఉంటే ఇద్దరు డ్రైవర్లు ఉండాలి.

వెంట వంటవాళ్లను తీసుకువెళ్లే కంపెనీలను మనవాళ్లు ఇష్టపడతారు, అందుకు తగిన కారణమూ ఉంది. పది రోజులు ఉత్తరాది తిండి పడని పెద్దలకు వేడి అన్నం, చారు దొరకడం చిన్న సంగతి కాదు. అయితే వంట ఎక్కడ చేస్తారన్నది తప్పకుండా అడగండి. బస దగ్గర, సత్రం వంటశాలలో చేస్తే మంచిదే. రైలు పెట్టెలోగానీ, మనుషులు కూర్చున్న బస్సులోగానీ గ్యాస్ సిలిండర్ పెడితే ఆ కంపెనీ ఎంత రుచిగా వండినా వద్దు. 2023 ఆగస్టు 26న మదురై స్టేషన్ దగ్గర ఆగి ఉన్న ప్రైవేటు యాత్రికుల పెట్టెలో, నిబంధనలకు విరుద్ధంగా తెచ్చిన సిలిండర్ వల్ల మంటలు చెలరేగి తొమ్మిది మంది చనిపోయారు. లక్నో నుంచి రామేశ్వర యాత్రకు వచ్చినవారు వారు.

చార్‌ధామ్ యాత్ర అయితే ఈ మెట్టులో మరికొన్ని చేరతాయి. ఉత్తరాఖండ్ ప్రభుత్వ పోర్టల్‌లో ప్రతి యాత్రికుడి పేరూ నమోదు కావాలి. ఆన్‌లైన్ నమోదుకు రుసుము లేదు. కేదార్‌నాథ్ హెలికాప్టర్ టికెట్లను ఐఆర్‌సీటీసీ హెలీయాత్ర వెబ్‌సైటులో తీసుకోవాలి. కనుక మా కోటాలో ఇప్పిస్తామనేవారికి అడ్వాన్సు ఇవ్వకండి. గౌరీకుండ్ నుంచి కనీసం 16 కిలోమీటర్ల కొండదారి, పైన 3,583 మీటర్ల ఎత్తు అన్నది గుర్తుంచుకుని, పెద్దల విషయంలో డాక్టరును అడిగాకే కంపెనీని అడగండి.

8. వెళ్లివచ్చినవారితో మాట్లాడండి, కంపెనీ ఇచ్చిన నంబర్లతో మాత్రమే కాదు

కంపెనీ ఇచ్చే నంబర్లలో సంతృప్తి చెందినవారే ఉంటారు. ఇంటర్నెట్‌లోని నక్షత్రాలను చూసేటప్పుడు అయిదింటిని వదిలేసి, రెండు మూడు నక్షత్రాలిచ్చినవారు ఏం రాశారో చదవండి. పూర్తిగా కోపంతో రాసినవాటికన్నా వీటిలోనే వివరాలుంటాయి. ఎవరైనా దొరికితే యాత్ర ఎలా జరిగిందని అడగకండి, బాగానే జరిగిందంటారు. కాశీలో ఏ పేటలో ఉంచారు, రాత్రి భోజనం ఎన్నింటికి పెట్టారు, ఎవరికైనా జ్వరం వస్తే మేనేజరు ఏం చేశారు, అక్కడికి వెళ్లాక విడిగా ఎంత అడిగారు అని అడగండి.

9. అడ్వాన్సు కట్టే ముందు రద్దు నిబంధనలు

ఎన్ని రోజుల ముందు మానుకుంటే ఎంత కోత అన్నది రోజుల వారీగా రాసి ఉండాలి. అంతకన్నా ముఖ్యమైనది, కంపెనీయే యాత్రను రద్దు చేస్తే ఏమిటన్నది. చాలినంత మంది చేరకపోతే తేదీ మారుస్తారు. కొత్త తేదీ మీకు కుదరకపోతే డబ్బంతా వాపసు ఇస్తారో, తరువాతి యాత్రకు సర్దుతామంటారో ఇప్పుడే తేల్చుకోండి.

డబ్బు సంస్థ పేరున్న బ్యాంకు ఖాతాకే పంపండి. యూపీఐలో స్కాన్ చేసినప్పుడు కనిపించే పేరు రసీదుపై ఉన్న పేరుతో సరిపోవాలి. నా సలహా, నాలుగో వంతుకు మించి అడ్వాన్సు ఇవ్వవద్దు, టికెట్ల కాపీ అందాక మరికొంత, మిగిలినది బయలుదేరే వారంలో. ఈ రోజే మొత్తం కడితే రెండు వేలు తగ్గిస్తామనే మాటకు లొంగి మోసపోయినవారే ఎక్కువ.

అంతా సరిగ్గా కుదిరిందని ఎలా తెలుస్తుంది?

అడ్వాన్సు కట్టిన రోజున రసీదు మీద సంస్థ పేరు, చిరునామా, బయలుదేరే తేదీ, మనుషుల సంఖ్య, మిగిలిన బాకీ ఉన్నాయేమో చూడండి. ప్రయాణానికి మూడు రోజుల ముందు కాశీ హోటల్ నంబరును మీరే వెతికి ఫోన్ చేసి, ఫలానా సంస్థ పేరుతో ఫలానా తేదీన గదులున్నాయా అని అడగండి. హోటల్‌వారు తెలియదంటే కంగారు పడకుండా, అదే రోజు కంపెనీని గదుల బుకింగ్ కాపీ పంపమనండి. బీమా ఉందన్నవారిని మీ పేరు కనిపించే పాలసీ కాగితం అడగండి. మేనేజరు, డ్రైవరు ఫోన్ నంబర్లు యాత్రికుల దగ్గరా, ఇంటి దగ్గర ఉండేవారి దగ్గరా ఉండాలి.

యాత్రలో చెప్పినది జరగకపోతే అక్కడికక్కడే మేనేజరుకు వాట్సాప్‌లో రాయండి, గది, భోజనం, బస్సు ఫొటోలు తేదీతో దాచుకోండి. తిరిగి వచ్చాక కంపెనీ స్పందించకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. అక్కడా తేలకపోతే మీరు నివసించే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు. కంపెనీ ఉన్న ఊరికి వెళ్లనక్కర లేదు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే రుసుము లేదు, గడువు రెండేళ్లు. సంస్థే బూటకమని తేలితే మాత్రం ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల నంబరు 1930కి చెప్పండి. డబ్బు ఇంకా అవతలి ఖాతాలో ఉండగానే ఆపించే అవకాశం మొదటి కొన్ని గంటలలోనే ఎక్కువ.